చెవికందని వణుకు – విమానం ఇంజను రెక్కలపై నిఘా

పొలంలో ఆయిలింజను ఆడుతుంటే రైతు గట్టు మీద కూర్చునే మోతను బట్టి దాని మంచిచెడ్డలు చెప్పగలడు. మోత మారితే బోల్టు వదులైందనో, బేరింగు పోయిందనో గ్రహించి ఆపివేస్తాడు. ఆకాశంలో ఎగిరే విమానాన్ని అలా ఆపి చూసుకునే వీలు లేదు. ఇంజను రెక్కలలోని లోపాన్ని ముందుగానే కనిపెట్టాలి.

కనిపెట్టలేకపోతే ఏమవుతుందో 2018 ఏప్రిల్ 17న అమెరికాలో తెలిసివచ్చింది. న్యూయార్కు నుంచి డల్లాస్ వెళ్తున్న సౌత్‌వెస్ట్ సంస్థ బోయింగ్ 737 విమానంలో 149 మంది ఉన్నారు. ఎడమ ఇంజను ముందున్న 24 ఫ్యాను రెక్కలలో ఒకటి మొదట్లో విరిగింది. ఆ అదురుకు ఊడిన ఇంజను తొడుగు ముక్క తగిలి కిటికీ ఊడిపోయింది. పక్కనే కూర్చున్న మహిళ మరణించింది. పైలట్లు రెండవ ఇంజనుతో విమానాన్ని ఫిలడెల్ఫియాలో దించారు. 2016 ఆగస్టులోనూ ఇదే రకం ఇంజనులో రెక్క విరిగినా, అప్పుడు ఎవరికీ గాయాలు కాలేదు.

ఇనుప తీగను పదేపదే అటూ ఇటూ వంచితే తెగిపోతుంది. గట్టిదైన టైటానియం లోహానికీ అదే గతి. రెక్క అలసిపోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ప్రతి ప్రయాణంలోనూ ఇంజను వేగం పెరిగి తగ్గడం ఒకటి. ఫిలడెల్ఫియా ప్రమాదానికి దారితీసిన పగులు ఈ విధంగా వచ్చినదే. ఆ రెక్క 32 వేలకు పైగా ప్రయాణాలు చేసింది. రెండవది వణుకు. ఊయలను అదను చూసి తోస్తే ఊపు పెరిగినట్లే, గాలి తాకిడి రెక్క సహజమైన ఊపుతో కలిస్తే వణుకు హద్దు మీరుతుంది.

ఇంజనుకు బిగించిన సాధనం మొత్తం అదురును కొలుస్తుంది గాని, ఏ రెక్క తేడాగా ఉన్నదో విడదీసి చెప్పలేదు. అందుకు మరో పద్ధతి ఉంది. రెక్కల చుట్టూ ఉండే తొడుగులో చిన్న సెన్సార్లు అమర్చుతారు. ప్రతి రెక్క కొన తమ ముందునుంచి దాటిన క్షణాన్ని అవి గుర్తిస్తాయి. నిలకడగా తిరిగే రెక్క ఠంచనుగా వస్తుంది. వణికే రెక్క కాస్త ముందో వెనుకో వస్తుంది. ఆ తేడాను బట్టి కంప్యూటరు వణుకును లెక్కగడుతుంది. కొత్త ఇంజన్లను పరీక్షించేటప్పుడు ఈ పద్ధతి ఎక్కువగా వాడుతున్నారు.

ప్రమాదానికి గురైన ఇంజను రెక్కలను 2012లో రంగు ద్రవంతో పరీక్షించినా, పగులు కంటికి చిక్కలేదు. 2018 ప్రమాదం తర్వాత ఆ రకం రెక్కలకు శబ్ద తరంగాలతో తనిఖీ తప్పనిసరి చేశారు. ఆస్పత్రిలో కడుపును స్కానింగు చేసే పద్ధతి వంటిదే అది.