వాసన పట్టే తగరం!

తెల్లారగట్ల లేచి, కాఫీ పెడదామని వంటింట్లోకి అడుగుపెడితే గుప్పున ఓ వాసన. కుళ్లిన ఉల్లిపాయలా, పాడైన క్యాబేజీలా. అలవాటుగా చెయ్యి లైటు స్విచ్చి మీదకు వెళ్తుంది. అదిగో... అక్కడే ఆగాలి! స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, ఇల్లు ఎగిరిపోవడానికి. రెగ్యులేటరు కట్టేసి, కిటికీలూ తలుపులూ తెరిచి, అందరూ బయటికొచ్చాక 1906 నంబరుకు ఫోన్‌ చేయాలి.

నిజానికి ఆ వాసన గ్యాస్‌ది కాదు. ఎల్‌పీజీకి సొంతవాసనంటూ దాదాపు ఉండదు. లీకైతే తెలియడం కోసం ఇథైల్‌ మెర్కాప్టాన్‌ అనే కంపు రసాయనాన్ని చిటికెడు కలుపుతారు. అంటే మన భద్రత మొత్తం ముక్కు మీదే ఆధారపడి ఉందన్నమాట. మరి ఆ ముక్కుకు జలుబు చేస్తే? పెద్దవయసులో వాసన తెలిసే శక్తి తగ్గితే? కరోనా వచ్చినప్పుడు కాఫీ వాసన కూడా తెలియక కంగారుపడినవాళ్లు ఎంతమందో! పైగా నిద్రలో ఉన్నవాళ్లను వాసన లేపుతుందన్న నమ్మకం లేదు. అందుకే జలుబు చేయని, నిద్రపోని ముక్కు ఒకటి కావాల్సి వచ్చింది.

ఈ వెతుకులాట ఇప్పటిది కాదు. బ్రిటన్‌ బొగ్గుగనుల్లో కార్బన్‌ మోనాక్సైడ్‌ జాడ పట్టేందుకు కానరీ పిట్టల్ని తీసుకెళ్లేవారు. 19వ శతాబ్దం చివర్లో ఆ సలహా ఇచ్చింది జాన్‌ స్కాట్‌ హాల్డేన్‌ అనే శాస్త్రవేత్త. చిన్న ప్రాణం, వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి విషవాయువు ముందు దానికే తగులుతుంది. పిట్ట తూలి పడిందంటే మనుషులు పరుగు తీయాల్సిందే. పాపం దాన్ని బతికించుకోవడానికి పంజరానికే చిన్న ఆక్సిజన్‌ సిలిండరు తగిలించిన ఏర్పాటూ ఉండేది. గనుల్లోని కానరీలకు ఉద్వాసన చెబుతున్నట్టు బ్రిటన్‌ ప్రకటించింది 1986లో!

జపాన్‌ వంటిళ్ల నుంచి...

పిట్ట పనిని ఇళ్లలో యంత్రం చేతికి అప్పగించిన కథ జపాన్‌లో మొదలైంది. అక్కడ ఇళ్లలోకి ప్రొపేన్‌ గ్యాస్‌ వచ్చింది. దాంతోపాటే పేలుళ్లూ వచ్చాయి. నవోయోషి తగుచి అనే ఆయన దీనికో దారి వెతికి, 1962లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. అదే ఏడాది క్యుషు విశ్వవిద్యాలయంలో సెయియామా బృందం జింక్‌ ఆక్సైడ్‌ పొరతో వాయువుల్ని గుర్తించవచ్చని చూపింది. తగుచి మాత్రం తగరపు ఆక్సైడ్‌ను ఎంచుకున్నారు. అవును, ఇత్తడి గిన్నెలకు కళాయి పోస్తారే, ఆ తగరమే! 1968 నాటికి ఆ సెన్సర్లు పెద్దసంఖ్యలో తయారవడం మొదలైంది. వాటికి ఆయన పేరే స్థిరపడింది... తగుచి గ్యాస్‌ సెన్సర్‌.

ఇంతకీ ముక్కూ మెదడూ లేని ఆ పొడికి గ్యాస్‌ వచ్చిన సంగతి ఎలా తెలుస్తుంది? గుట్టంతా ఎలక్ట్రాన్లలో ఉంది. సెన్సర్‌లో చిన్న హీటరు ఉంటుంది. అది తగరపు ఆక్సైడ్‌ను మూడు, నాలుగు వందల డిగ్రీల దాకా వేడిచేస్తుంది. ఆ వేడిలో గాల్లోని ఆక్సిజన్‌ వచ్చి రేణువుల మీద తిష్ఠ వేస్తుంది. ఊరికే కూర్చుంటుందా? కరెంటు మోయాల్సిన ఎలక్ట్రాన్లను లాగేసుకుని మరీ కూర్చుంటుంది. మోసేవాళ్లు తగ్గిపోవడంతో కరెంటు నడవడం కష్టమవుతుంది. ఇది మామూలు రోజుల సంగతి. అంతలో ఎల్‌పీజీ వచ్చిందనుకోండి, అది ఈ ఆక్సిజన్‌తో కలిసి రసాయన చర్య జరుపుతుంది. ఆక్సిజన్‌ తిష్ఠ కదిలిపోతుంది, చిక్కుకున్న ఎలక్ట్రాన్లు తిరిగి పొడిలోకి వచ్చేస్తాయి. కరెంటు ఒక్కసారిగా జోరందుకుంటుంది. ఆ తేడాను పసిగట్టి సర్క్యూట్‌ అలారం మోగిస్తుంది. రవ్వంత పల్లాడియం కలిపితే ఈ చర్య మరింత చురుగ్గా సాగుతుంది.

గాల్లో ఎల్‌పీజీ సుమారు రెండు శాతానికి చేరితే అంటుకునే ప్రమాదం ఉంది. అందులో ఐదో వంతుకు చేరేలోపే మోగేలా అలారాలను అమరుస్తుంటారు. ఈ తరహా సెన్సర్‌ చవక కూడా. ఇంజినీరింగ్‌ కాలేజీల ఫైనలియర్‌ ప్రాజెక్టుల్లో గ్యాస్‌ లీక్‌ డిటెక్టర్‌ కనిపించని ఏడాది ఉండదేమో!

అయితే ఈ ముక్కుకూ లోపాలున్నాయి. గ్యాస్‌కూ శానిటైజర్‌ ఆవిరికీ మధ్య తేడా దానికి సరిగా తెలియదు. సెంటు కొట్టుకున్నా ఒక్కోసారి కూతపెడుతుంది. విసుగొచ్చి ప్లగ్గు పీకేస్తే అసలుకే మోసం. సిలికాన్‌ ఆవిర్లు తగిలితే మొద్దుబారిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చురుకు తగ్గుతుంది కాబట్టి పెట్టె మీద రాసిన గడువు దాటాక మార్చాల్సిందే. చాలామంది చేసే పొరపాటు మరొకటుంది... దాన్ని బిగించే చోటు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. అందుకే అలారం నేలకు దగ్గరగా ఉండాలి. పైపులో వచ్చే సహజవాయువు తేలిక, పైకి లేస్తుంది. దానికైతే కప్పు దగ్గర పెట్టాలి. సిలిండరు నుంచి పైపు గ్యాస్‌కు మారినవాళ్లు అలారాన్నీ మార్చుకోవాలన్నమాట.

అన్నిటికీ తగరం పనికిరాదు. ట్రాఫిక్‌ పోలీసులు మందుబాబుల నోటికి అందించే యంత్రాల్లో చాలావాటిలో ఉండేది ప్లాటినం పూసిన ఫ్యుయెల్‌ సెల్‌. ఊపిరిలోని ఆల్కహాల్‌ దానిమీద ఆక్సీకరణ చెందుతూ తానే కరెంటు పుట్టిస్తుంది. ఎంత తాగితే అంత కరెంటు! కారు పొగగొట్టంలోని ఆక్సిజన్‌ను కొలిచేది జిర్కోనియా పింగాణీ.

మూత తెరిస్తే...

ఈ యంత్రం అందరికన్నా ఎక్కువ అవసరమైన చోటు మాత్రం వంటిల్లు కాదు, మ్యాన్‌హోల్‌. అక్కడుండే హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ మహా మాయదారి. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. పది లక్షల పాళ్లలో వంద దాటితే ముక్కునే చంపేస్తుంది. వాసన పోయింది కదా, గాలి బాగుపడిందనుకుని దిగిన మనిషి నిమిషాల్లో కుప్పకూలవచ్చు. అతణ్ని కాపాడబోయి దిగిన రెండోవాడూ, మూడోవాడూ పోయిన వార్తలు ఎన్ని చదవలేదు! పాతబావుల్లోకి లాంతరు దింపి చూసే అలవాటు ఉండేది. అది ఆరిపోతే ఆక్సిజన్‌ తక్కువని అర్థం. కానీ విషవాయువు సంగతి లాంతరు చెప్పలేదు. మీథేన్‌ ఉంటే ఆ లాంతరే పేలుడుకు కారణమవుతుంది.

రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగుకాలువల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావులు మాత్రం ఆగలేదు.

అరచేతిలో పట్టే మీటరు ఒకటి ఆక్సిజన్‌, హైడ్రోజన్‌ సల్ఫైడ్‌, కార్బన్‌ మోనాక్సైడ్‌, మండే వాయువులు... నాలుగింటినీ కలిపి చూపిస్తుంది. మూత తెరిచాక మనిషికన్నా ముందు దిగాల్సింది అదే. తాడుకు గానీ గొట్టానికి గానీ కట్టి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా కొలవాలి. ఆక్సిజన్‌ 19.5 శాతానికి తగ్గిందని చూపిస్తే, విషవాయువు అలారం మోగితే, ఎవరూ దిగకూడదు. అంతా బాగుందని దిగినా మీటరు ఆ మనిషి జేబుకే ఉండాలి. బురదను కదిపినప్పుడే అసలు గ్యాస్‌ బయటికొస్తుంది.