మొక్కల దీపములు - ఇంటిలోని పెంపుడు జంతువులు

ఎండ చాలని చోట విద్యుద్దీపము క్రింద మొక్కలను పెంచు వాడుక మన పట్టణములలో నానాటికి హెచ్చుచున్నది. మేడలమీది వాటాలలో కాపురముండువారు కొత్తిమీర, పాలకూర, మెంతికూర గదిలోనే పెంచుకొనుచున్నారు. చలిదేశములలో స్థిరపడిన మనవారు శీతకాలములో కరివేప మొక్కను ఇంటిలోనికి తెచ్చి, దానికొక దీపము పెట్టి కాపాడుకొనుచున్నారు. పల్లెలలో కూడ ముసురు పట్టినపుడు మిరప, టమాటా నారు ట్రేలను గదిలో దీపము క్రింద ఉంచు రైతులు లేకపోలేదు. అయితే ఆ గదిలోనే పిల్లి తిరుగును, కుక్కపిల్ల ఆడును, పంజరములో పిట్టలుండును. దీపము అమ్మువాడు మొక్కను గూర్చి చెప్పునే కాని వీటిని గూర్చి చెప్పడు.

ఎరుపు, నీలి కాంతులు కలిసిన ఆ ఊదారంగు వెలుతురు వలన జంతువుల కన్నులు పోవునని కొందరు భయపడుదురు. ఈ భయము చాలవరకు అనవసరము. మొక్కల కొరకు చేసిన ఎల్.ఇ.డి. దీపము ఇచ్చునది మన కంటికి కనబడు కాంతియే. అయినను దీపమును నేలకు దగ్గరగా, పిల్లి కన్నులకెదురుగా నిలుపక, పైనుండి ట్రే మీదికి మాత్రమే వెలుతురు పడునట్లు అమర్చుడు. రోగక్రిములను చంపుటకు అమ్ము అతినీలలోహిత దీపముల సంగతి వేరు. అవి మనుష్యుల కన్నులను, జంతువుల కన్నులను కూడ గాయపరచును. చవుకగా దొరికినదని అట్టి దీపమును మొక్కలకు పెట్టరాదు.

వైరు, నీరు

ప్రమాదము తరచుగా కాంతి వలన కాక, దీపమునకు కరెంటు తెచ్చు వైరు వలన వచ్చును. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. కుక్కపిల్లకు మూడవ నెల మొదలు ఏడవ నెల వరకు పండ్లు మారు కాలము. ఆ రోజులలో చెప్పు, చీపురు, వైరు అను భేదము దానికి లేదు. పిల్లికూనకు వ్రేలాడు వైరు ఆటవస్తువు. కనుక దీపమును దాని వైరుతోనే వ్రేలాడదీయరాదు. పైకప్పు కొక్కెమునకు గొలుసు వేసి కట్టవలెను. పిల్లి ట్రే మీదికి దుమికి దీపమును పంజాతో లాగినను అది ఊడిపడకూడదు. వైరును గోడవెంట ప్లాస్టిక్ గొట్టములో నడిపింపుడు. ఎలుకల బాధ కూడ తగ్గును.

నాలుగు ప్లగ్గులు పట్టు పెట్టెను నేలమీద పడవేయుట మనకు అలవాటు. కుండీనీరు కారినను, కుక్క మూత్రము పోసినను మొదట తడియునది అదే. దానిని గోడకు నడుమెత్తున బిగింపుడు. వైరు ప్లగ్గు చేరుటకు ముందు కొంత క్రిందికి వంగి, తిరిగి పైకి పోవునట్లు ఉంచినచో, దానివెంట జారిన నీరు ఆ వంపువద్దనే బొట్టుబొట్టుగా రాలిపోవును. ఎర్తు గల మూడు కాళ్ల ప్లగ్గు, ఐ.ఎస్.ఐ. గుర్తు గల వైరు వాడవలెను. వీటితోబాటు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు నిలిపివేయు ఆర్.సి.సి.బి. స్విచ్చిని మెయిన్ బోర్డులో పెట్టించుడు. ఫ్యూజు ఇంటిని నిప్పునుండి కాపాడవచ్చును గాని ప్రాణిని షాకునుండి కాపాడలేదు.

జంతువు వైరు కొరికి షాకు తగిలి పడిపోయినచో, ఎంత ఆత్రముగా ఉన్నను దానిని చేతితో ముట్టరాదు. మొదట మెయిన్ స్విచ్చి ఆపి, తరువాతనే దగ్గరకు పోవలెను. అది లేచి మామూలుగా తిరుగుచున్నను పశువైద్యునకు చూపింపుడు. నోటిలో కాలిన పుండ్లు పైకి కనబడవు. కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసము రావచ్చును.

పాత రకము బల్బు తాను తీసుకొను విద్యుత్తులో నూటికి 90 వంతులకు పైగా వేడిగానే వెలువరించును. వెచ్చదనము కోరి పిల్లి దాని దాపున చేరును. సోడియం దీపములు ఇంకను వేడెక్కును. వాటి గాజుపై నీరు పడినచో పగులవచ్చును. పెంపుడు జంతువులున్న ఇంటికి ఎల్.ఇ.డి. దీపమే తగినది. ట్యూబులైటులో పాదరసము ఉండును. అది పగిలినచో జంతువులను గదిలోనుండి తోలి, కిటికీలు తెరచి, పది పదిహేను నిమిషములు ఆగి, ముక్కలను అట్టతో ఎత్తి, తడిగుడ్డతో తుడువవలెను. చీపురు వాడరాదు.

రాత్రి కూడ కావలెను

1920లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా చిక్కుడు వంటి మొక్కల పూత పగటి నిడివిని బట్టి ఉండునని ప్రకటించిరి. 1925లో కెనడాలోని రోవన్ అను జంతుశాస్త్రజ్ఞుడు మరియొక సంగతి తెలిపెను. చలికాలములో పంజరములలోని జుంకో పిట్టలకు ఆయన సాయంకాలము బల్బులు వెలిగించి పగటిని పొడిగింపగా, వసంతకాలములో వలెనే వాటి సంతానావయవములు పెరిగినవి. గ్రుడ్లపెట్టలకు దినమునకు 16 గంటల వెలుతురు ఇచ్చుట మీరు ఎరిగినదే. అనగా మీరు నారుకు పెట్టిన దీపము, మీరు తలపకున్నను, గదిలోని ప్రాణులకును పగలే.

బడ్జీలు, లవ్ బర్డ్స్ వంటి పిట్టలకు రాత్రి 10 నుండి 12 గంటల చీకటి కావలెను. అది లేనిచో నిద్ర చెడును. ఆడపిట్ట ఆగకుండ గ్రుడ్లు పెట్టి ఒంటిలోని సున్నము కోల్పోవును, గ్రుడ్డు అడ్డుపడి చనిపోవుటయు కలదు. (మన రామచిలుకను పంజరములో పెంచుటయే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము, దాని ప్రసక్తి ఇక్కడ లేదు.) ఆడపిల్లి కూడ పగలు పొడుగైన కొలది ఎదకు వచ్చును. దినమునకు 14 గంటల వెలుతురున్న గదిలో అది మాటిమాటికి ఎదకు వచ్చి అరచుచుండినచో ఆశ్చర్యపడనక్కరలేదు. పంజరమును వేరు గదికి మార్చుటయే మేలు. వీలుకానిచో దీపమునకు టైమరు పెట్టి, ఉదయము 6 గంటలకు వెలిగి రాత్రి 8 గంటలకు ఆరునట్లు చేయుడు. కూరగాయ నారుకు ఈ 14 గంటలు చాలును. రాత్రింబవళ్లు వెలిగించినచో టమాటా ఆకులు పసుపుబారి మొక్కయే చెడును.

ఆకులు, ఎరువులు

పచ్చని ట్రే కంటబడినచో పిల్లి కొరికి చూడక మానదు. ఉల్లికాడలు, వెల్లుల్లి కుక్కలకు, పిల్లులకు రక్తకణములను నాశనము చేయును. మనీప్లాంటు, డీఫెన్‌బేకియా నోరు మండించి చొంగ కార్పించును. కలబంద విరేచనములు కలిగించును. గన్నేరు గుండెను దెబ్బతీయును. లిలియం జాతి పూలమొక్క పుప్పొడి నాకినను పిల్లికి మూత్రపిండములు చెడును. మన బజారులలో లిల్లీ అని అమ్ము నేలసంపెంగ ఇది కాదు. పిల్లి కొరకు వేరుగా ఒక కుండీలో గోధుమ గడ్డి పెంచినచో, అది నారు జోలికి పోవుట చాలవరకు తగ్గును.

ఆకులకంటె ఎక్కువగా భయపడవలసినది కుండీలో కలుపు ఆముదపు పిండికి. ఆముదపు గింజలోని రిసిన్ అను విషము నూనెలోనికి రాక పిండిలోనే నిలిచిపోవును. ఆ వాసనకు కుక్కలు ఆశపడి, కుండీ త్రవ్వి తినును. వాంతులు, నెత్తురు విరేచనములు పట్టి ప్రాణము పోవచ్చును. పొలములో అది మంచి ఎరువే గాని కుక్కయున్న ఇంటిలోని కుండీలకు పనికిరాదు. అక్కడ బాగుగా చివికిన పశువుల ఎరువు గాని, వానపాముల ఎరువు గాని వాడుడు. నత్తలకు వేయు మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలకు, పర్మెత్రిన్ కలిసిన పురుగుమందులు పిల్లులకు విషము. వీటిని ఇంటిలో వాడరాదు.

ఏదైన తినినట్లు అనుమానము కలిగినచో ఉప్పునీరు త్రాగించి కక్కింపరాదు. ఆ ఉప్పే అపాయకరము. జంతువుతోబాటు అది కొరికిన ఆకును గాని, ఎరువు సంచి మీది చీటీని గాని తీసికొని వెంటనే పశువైద్యశాలకు పోవలెను. ఎంత తినినది, ఎప్పుడు తినినది చెప్పగలిగినచో వైద్యుడు చికిత్సను ఆలస్యము లేకుండ మొదలుపెట్టును.