కంప్యూటర్‌తో బండి పందెం – షరతులు పెట్టేది మనమే

కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్న ఏ విద్యార్థి అయినా ముందుగా అడిగే మాట "ఇందులో గేమ్స్ ఉన్నాయా అన్నా?" అనే. దీనికి కోపగించుకోవలసిన పని లేదు. ఇంట్లో కంప్యూటర్ లేని మనలాంటి వాళ్ళలో చాలామందికి మౌస్ మీద చెయ్యి, కీబోర్డు మీద వేళ్ళు కుదిరింది ఆటలతోనే. అయితే ఆడటం వేరు, ఆట లోపల ఏం జరుగుతోందో తెలుసుకుని ఆడటం వేరు.

బండి పందెం ఆటల్లో మన పక్కన పరుగెత్తే మిగతా బళ్ళను కంప్యూటరే నడుపుతుంది. ఎన్ని బళ్ళు ఉండాలి, ఎంత గట్టిగా పోటీ ఇవ్వాలి, ఎన్ని రౌండ్లు తిరగాలి అన్న షరతులన్నీ మనమే పెట్టుకోవచ్చు. ఈ ఏర్పాటు ఎలా చేసుకోవాలో, కంప్యూటర్ ఆ బళ్ళను ఎలా నడుపుతుందో, మనం గెలిచినప్పుడు ఆ గెలుపులో మన వాటా ఎంతో వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఏ ఆట?

మేము ఉదాహరణగా తీసుకున్నది సూపర్ టక్స్ కార్ట్ అనే ఆట. కార్ట్ అంటే చిన్న పందెం బండి. టక్స్ అంటే లినక్స్ గుర్తుగా అందరికీ తెలిసిన పెంగ్విన్. 2000లో స్టీవ్ బేకర్ టక్స్ కార్ట్ పేరుతో దీన్ని ప్రారంభించారు. మధ్యలో ఆగిపోయిన పనిని 2006లో యోర్గ్ హెన్రిక్స్, ఎడ్వార్డో హెర్నాండెజ్ మున్యోజ్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఎందరో స్వచ్ఛందంగా కలిశారు. 2019లో 1.0 వెర్షన్ వచ్చింది.

ఈ ఆటనే ఎంచుకోవడానికి మూడు కారణాలు. మొదటిది, ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టనక్కర లేదు, దొంగ సీడీలతో, వాటితో వచ్చే వైరస్‌లతో పని లేదు. ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకోవడం ఇక్కడ నేరం కాదు, లైసెన్సే అనుమతిస్తుంది. రెండవది, ఒకసారి ఎక్కించుకున్నాక కంప్యూటర్‌తో ఆడటానికి ఇంటర్నెట్ అవసరం లేదు. మూడవది మాకు అన్నింటికంటే ముఖ్యమైనది. ఈ ఆట తన లోపలి లెక్కలను దాచిపెట్టదు. కావాలంటే తెరిచి చదువుకోవచ్చు.

ఇందులోని పాత్రలు కూడా ఊరికే పెట్టినవి కావు. విల్బర్ అనే జంతువు గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ గుర్తు. కాంకీ అనే డ్రాగన్ కేడీఈది. సుజాన్ అనే కోతి బ్లెండర్‌ది. ఆడుతూ ఆడుతూనే ఉచితంగా దొరికే మంచి సాఫ్ట్‌వేర్ల పేర్లు పిల్లలకు పరిచయమవుతాయి.

పందెం ఏర్పాటు చేసుకునే విధానం

ఆట తెరవగానే వచ్చే మెనూలో సింగిల్ ప్లేయర్ నొక్కాలి. తర్వాత వరుసగా ఇవి వస్తాయి.

1. బండి ఎంపిక: బళ్ళలో తేలికవి, మధ్యరకం, బరువైనవి ఉంటాయి. తేలిక బండి చప్పున వేగం అందుకుంటుంది. బరువైన బండికి ఊపు రావడానికి సమయం పట్టినా చివరికి అందుకునే వేగం ఎక్కువ. కొత్తవాళ్ళకు మధ్యరకం మంచిది.

2. కష్టం స్థాయి: నోవిస్, ఇంటర్మీడియట్, ఎక్స్‌పర్ట్, సూపర్ టక్స్ అని నాలుగు. చివరిదానికి మొదట తాళం ఉంటుంది. స్టోరీ మోడ్‌లో ముందుకు వెళ్ళాకే అది తెరుచుకుంటుంది.

3. పందెం రకం: మామూలు పందానికి నార్మల్ రేస్. ఏ ఆయుధాలూ లేకుండా కేవలం గడియారంతో పోటీకి టైమ్ ట్రయల్.

4. ట్రాక్: కొత్తవాళ్ళు చిన్న ట్రాక్‌తో మొదలుపెట్టాలి. ఆలివర్స్ మ్యాథ్ క్లాస్ అని ఒకటుంది. అందులో బళ్ళు లెక్కల క్లాసు గదిలోనే తిరుగుతాయి!

5. చివరి తెర: రౌండ్లు ఎన్ని, కంప్యూటర్ బళ్ళు ఎన్ని, ట్రాక్‌ను వెనుక నుంచి ముందుకు తిరగాలా అన్నవి ఇక్కడ నిర్ణయించుకోవాలి. మొదట 3 రౌండ్లు, 3 బళ్ళు చాలు.

నడపడానికి బాణం గుర్తు కీలు. దొరికిన ఆయుధం వాడటానికి స్పేస్, నైట్రోకు ఎన్, మలుపుల్లో జారుతూ తిరగడానికి వి, వెనక్కి చూడటానికి బి. ఎక్కడైనా ఇరుక్కుపోతే బ్యాక్‌స్పేస్ నొక్కితే మళ్ళీ దారిలో పెడుతుంది. దారిలో కనిపించే బహుమతి పెట్టెలు మేలు చేస్తాయి. అరటిపండ్లు మాత్రం తొక్కకూడదు. సంకేతం పడకముందే యాక్సిలరేటర్ నొక్కితే శిక్షగా కాసేపు ఆపేస్తారు.

కంప్యూటర్లు తక్కువ, ఆడేవాళ్ళు ఎక్కువ ఉన్నచోట స్ప్లిట్‌స్క్రీన్ ఉపయోగపడుతుంది. తెర భాగాలుగా విడిపోయి ఒకే కంప్యూటర్ మీద ఒకరికంటే ఎక్కువ మంది ఆడవచ్చు. సెట్టింగ్స్‌లో రెండో కీబోర్డు అమరిక చేర్చుకుంటే ఒక కీబోర్డునే ఇద్దరు పంచుకోవచ్చు. వాళ్ళతోపాటు కంప్యూటర్ బళ్ళను కూడా పందెంలో దింపవచ్చు. కంప్యూటర్ పాతదై ఆట ఆగి ఆగి నడుస్తుంటే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ స్థాయి తగ్గించుకోవాలి.

కంప్యూటర్ బండిని ఎలా నడుపుతుంది?

దానికి మనలాగ కళ్ళు లేవు. ట్రాక్ తయారుచేసినవాళ్ళు దారి పొడవునా కనిపించని పలకలు పరిచినట్టు ఒక గీత వేసి ఉంచుతారు. బండి ప్రస్తుతం ఏ పలక మీద ఉందో చూసుకుని, రోడ్డు దాటకుండా నేరుగా వెళ్ళగలిగినంత దూరంలో ఒక బిందువును కంప్యూటర్ ఎంచుకుంటుంది. స్టీరింగ్‌ను అటు తిప్పుతుంది. మరుక్షణం మళ్ళీ కొత్త బిందువు. ఈ పనిని అలసట లేకుండా, విసుగు లేకుండా సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది. చేనులో నాగలి పట్టినవాళ్ళు కాళ్ళ దగ్గర కాక సాలు చివర చూపు నిలుపుతారు కదా, ఇదీ అంతే.

అంటే కంప్యూటర్ చేతకాక ఓడిపోవడం లేదు. ఎంత గట్టిగా పోటీ ఇవ్వాలో దానికి చెప్పి ఉంచారు. కింది స్థాయిలో అది ఆలస్యంగా కదులుతుంది, నైట్రోను, ఆయుధాలను తెలివిగా వాడదు. పై స్థాయిలో ఇవన్నీ సక్రమంగా చేస్తుంది.

రబ్బరు పట్టీ సంగతి

అసలు విషయం ఇక్కడ ఉంది. కింది స్థాయిల్లో కంప్యూటర్ బండి తన వేగాన్ని మన బండికి తనకు ఉన్న దూరాన్ని బట్టి కూడా నిర్ణయించుకుంటుంది. మనకంటే ముందుకు పోతే దాని వేగానికి పరిమితి పడుతుంది. ఎంత ముందుంటే అంత ఎక్కువగా తగ్గుతుంది. అంటే మనం వెనుకబడినప్పుడు ముందున్నవాడు మన కోసం నెమ్మదిస్తున్నాడు. మనకేమో "అబ్బ, ఎంత బాగా అందుకున్నాను!" అనిపిస్తుంది. పై స్థాయిల్లో ఈ దయ ఉండదు.

దీన్ని ఆటల భాషలో రబ్బరు పట్టీతో పోలుస్తారు. రెండు బళ్ళనూ ఒక రబ్బరు పట్టీతో కట్టినట్టు ఊహించుకుంటే అర్థమవుతుంది. కొన్ని ఆటల్లో ఇది రెండు వైపులా లాగుతుంది. మనం బాగా ముందుకు పోతే వెనుకవాడికి అదనపు వేగం వస్తుంది. నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బులు ఇచ్చి నీడ్ ఫర్ స్పీడ్ ఆడిన అన్నలకు 2005లో వచ్చిన మోస్ట్ వాంటెడ్ గుర్తుండే ఉంటుంది. అందులో మన సొంత పందెం పెట్టుకునే చోట క్యాచ్ అప్ అని ఒక అంశం ఉంటుంది. చాలామంది దాన్ని చూసి వదిలేస్తారు. ఆ రబ్బరు పట్టీని కట్టేదీ విప్పేదీ అదే.

ఇది మోసమా? కాదు. కొత్తగా నేర్చుకునేవాడు మొదటి రౌండులోనే ఒంటరిగా మిగిలిపోతే ఆట మీద మనసు విరిగిపోతుంది. వాడిని పోటీలో నిలబెట్టడానికి చేసిన ఏర్పాటు అది. కానీ అది ఉందని తెలియకుండా గెలిచినవాడు తన బలాన్ని తప్పుగా అంచనా వేసుకుంటాడు.

చేసి చూడండి

మేము చెప్పామని నమ్మనక్కర లేదు, మీరే పరీక్షించవచ్చు. నోవిస్ స్థాయిలో ఒకే ఒక్క కంప్యూటర్ బండితో పందెం పెట్టండి. మొదటిసారి ఆ బండి వెనకే అంటిపెట్టుకుని వెళ్ళి రెండో స్థానంలో ముగించండి. అది తీసుకున్న సమయం నోటుబుక్కులో రాసుకోండి. రెండోసారి అదే ట్రాక్, అవే రౌండ్లు, కానీ మీరు కావాలని ఆగి ఆగి వెళ్ళండి. ఇప్పుడు దాని సమయం చూడండి. మీరు దూరంగా ఉండిపోయినప్పుడు అదీ నెమ్మదించిందో లేదో అంకెలే చెబుతాయి. తర్వాత ఇదంతా ఎక్స్‌పర్ట్‌లో చేయండి. దారిలో దొరికే వస్తువుల వల్ల సమయాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఒక్కొక్కటి మూడేసి సార్లు చేసి సగటు తీయండి.

ఒక జాగ్రత్త. నోవిస్ సమయాన్ని ఎక్స్‌పర్ట్ సమయంతో పోల్చకూడదు. స్థాయి మారితే మన బండి అందుకోగల వేగం కూడా మారుతుంది. ఏ ప్రయోగంలోనైనా ఒకసారి ఒక్క షరతే మార్చాలి. సైన్సు ల్యాబులో చెప్పేది కూడా ఇదే కదా.

ఇంకా ఆసక్తి ఉన్నవాళ్ళు ఆట ఫోల్డరులో ఎస్‌టీకే కాన్ఫిగ్ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ ప్రతి స్థాయికీ కంప్యూటర్ నడక లెక్కలు రాసి ఉంటాయి. స్పీడ్ క్యాప్ అన్న మాట వెతకండి. మనం చెప్పుకున్న రబ్బరు పట్టీ అదే. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకుని, అంకెలు మార్చి ఏమవుతుందో చూడవచ్చు. ప్రోగ్రామింగ్‌కు ఇంతకంటే మంచి మొదటి మెట్టు మాకు తెలియదు.

మన నీడతో మన పందెం

టైమ్ ట్రయల్‌లో పందాన్ని రికార్డు చేసుకునే వీలుంది. తర్వాత ఘోస్ట్ రీప్లే రేస్ ఎంచుకుంటే, ఇంతకుముందు మనం నడిపిన బండి నీడలా మన పక్కనే పరుగెత్తుతుంది. దాన్ని గుద్దలేము, ఆపలేము. అది మన కోసం ఆగదు, మన మీద కక్షతో వేగం పెంచదు. నిన్న మనం ఎక్కడ తప్పామో అది అక్కడ తప్పుతుంది, ఎక్కడ బాగా తిరిగామో అక్కడ బాగా తిరుగుతుంది. దాన్ని ఒక్క సెకను తేడాతో దాటినా ఆ సెకను పూర్తిగా మనదే.

కాబట్టి సాధనకు మేము సూచించే వరుస ఇది. ట్రాక్ అలవాటయ్యే వరకు నోవిస్. గెలుపు సులువుగా వస్తోందంటే ఇంటర్మీడియట్. ఆ తర్వాత టైమ్ ట్రయల్‌లో మన నీడతో కొన్ని రోజులు. అప్పుడు ఎక్స్‌పర్ట్. అక్కడ మొదట్లో చివరి స్థానం వచ్చినా అది నిజమైన స్థానం. చివరి నుంచి ఒక్క మెట్టు ఎక్కినా అది నిజమైన మెట్టు.

ఆట బయట

ఇదంతా ఒక ఆట గురించే అయినా మాకు ఇంకో విషయం తోస్తుంది. మన హాస్టళ్ళలో చాలామంది ఇళ్ళలో మనకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. మార్కులు తెస్తే అమ్మానాన్న సంతోషిస్తారు, కానీ ఆ మార్కులు బయటి పోటీలో ఎక్కడ నిలబడతాయో చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండరు. క్లాసులో సులువైన పేపరు, తెలిసిన ప్రశ్నలు, దయగల సార్లు. ఇవన్నీ నోవిస్ స్థాయి లాంటివి. అవి అవసరం. అవి లేకపోతే మనలో సగం మంది మొదటి రౌండులోనే బండి దిగిపోయేవాళ్ళం. కానీ ప్రవేశ పరీక్ష హాలులో మన కోసం ఎవరూ వేగం తగ్గించరు. ఆ సంగతి ఆ రోజు హాలులో మొదటిసారి తెలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. "నాకు చదువు రాదు" అని వెనుదిరిగే ప్రమాదం ఉంది. నిజానికి వాళ్ళకు రానిది చదువు కాదు, స్థాయి మారిందన్న సమాచారం.

అందుకే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మాట ఒక్కటే. గడిచిన సంవత్సరాల ప్రశ్నపత్రాలు సంపాదించి, గడియారం పెట్టుకుని, పుస్తకం మూసి ముందుగానే రాయండి. తక్కువ వస్తే తక్కువే రానివ్వండి. ఆ కాగితం దాచుకుని, నెల తర్వాత మళ్ళీ రాసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ నీడ అదే. అన్నలకు, అక్కలకు కూడా ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పిల్లలను మెచ్చుకోవడంతోపాటు, మీరు రాసిన పరీక్షల అసలు స్థాయి ఎలా ఉంటుందో పక్కన కూర్చుని చెప్పండి.

ఇక ఆట విషయానికి వస్తే, చదువు గంటలు అయ్యాక, వంతుల ప్రకారం, పక్కవాడికి అవకాశం ఇచ్చి ఆడండి. షరతులు మీరే పెట్టుకోండి. గెలిచినప్పుడు మాత్రం ఏ స్థాయిలో గెలిచారో ఆ పక్కనే రాసుకోండి.