ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా



ప్రతి జూన్‌లోనూ మనం పిల్లలకు నోటు పుస్తకాలు, బ్యాగులు పంచుతున్నాం. ఆ ఫోటోలు ఈ సంచికలోనూ ఉంటాయి. ఆ పనిని మేం తక్కువ చేయడం లేదు. కానీ రోజూ పిల్లల మధ్య ఉండేవాళ్లుగా మాకు కనిపిస్తున్న ఒక సంగతి మీ ముందు పెట్టాలి. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకు పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు కొన్నేళ్లుగా ప్రభుత్వమే ఇస్తోంది. మనం ఇచ్చేది వాళ్లలో చాలామందికి రెండో బ్యాగు. అదే పిల్లలకు బడి మూసి ఉండే ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే 49 రోజులు, ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. ఆ రోజుల్లో మధ్యాహ్న భోజనం ఉండదు, గుడ్డు ఉండదు, పుస్తకం తెరిచే పని ఉండదు. మార్చి నడిమి నుంచే ఒంటిపూట బడులు కాబట్టి చదువు సన్నబడటం ఇంకా ముందే మొదలవుతుంది.

విద్యాహక్కు చట్టం, 2009 ఒక లెక్క చెబుతుంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1000 గంటలు. చిన్నపిల్లవాడు రోజుకు పది గంటలు నిద్రపోతాడనుకున్నా, ఏడాదిలో మెలకువగా ఉండేది 5 వేల గంటలకు పైనే. అంటే బడి ఎంత బాగా నడిచినా, ఆ మెలకువలో ఆరో వంతు కూడా బడి చేతిలో ఉండదు. మిగతాదంతా ఇంటిది, వీధిది, మసీదుది, మామయ్య గారి షాపుది. చదువు బడి చూసుకుంటుందిలే అని మనం అనుకుంటున్నప్పుడు ఈ లెక్క గుర్తుకు రావడం లేదు.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డోరిస్ ఎంట్విజిల్, కార్ల్ అలెగ్జాండర్ అనే పరిశోధకులు 1982లో ఒకటో తరగతిలో ఉన్న సుమారు 800 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. బడి నడిచే నెలల్లో పేదింటి పిల్లలూ, ఉన్నవాళ్ల పిల్లలూ దాదాపు సమానంగానే నేర్చుకున్నారు. తేడా వేసవిలో పడింది. వాళ్లు దాన్ని కొళాయితో పోల్చారు. బడి ఉన్నన్నాళ్లూ కొళాయి అందరికీ వస్తుంది. వేసవిలో కట్టేస్తే, ఇంట్లో ట్యాంకు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. ఆ తేడా ఎంత అన్నదానిపై తర్వాతి పరిశోధకులు వాదించుకున్నారు, అది వేరే సంగతి. మా తరగతి గదిలో జూన్ రెండో వారంలో కనిపించేదానికి మాత్రం మాకు వాళ్ల కొళాయి సరిగ్గానే సరిపోయింది.

మన పిల్లల విషయంలో ఇంకో ముడి ఉంది. గుంటూరులో ఆనందపేట, పొన్నూరు రోడ్డు ప్రాంతాల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. బడిలో చేతికిచ్చే పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగింటి పిల్లవాడికి ఇంగ్లీషు పేజీ అర్థం కాకపోతే తెలుగు పేజీ ఆసరా అవుతుంది. మన పిల్లవాడి ఇంటి మాట ఆ రెండు పేజీల్లోనూ లేదు. మక్తబ్‌లో అరబీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు, బడిలో తెలుగు, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి, ఆరో తరగతికి వచ్చేసరికి హిందీ. ఇన్ని లిపులతో పిల్లలు తికమక పడతారని చాలామంది అంటారు. మా అనుభవంలో లిపి దగ్గర పిల్లలు పెద్దగా తడబడరు, ఆ తెలివి వాళ్లకు బాగానే ఉంది. తడబడేది మాట దగ్గర. అక్షరాలు కూడబలుక్కుని ‘ముంగిలి’ అని చదవగలరు, ముంగిలి అంటే ఏమిటో తెలియదు. బడి ఉన్నప్పుడు పక్క బెంచీ స్నేహితుడి నోటి నుంచి ఆ తెలుగు చెవిన పడుతుంటుంది. వేసవిలో అదీ ఆగిపోతుంది. అందుకే సెలవుల తర్వాత మన పిల్లలు లెక్కల కంటే తెలుగులో ఎక్కువ వెనక్కి పోవడం చూస్తున్నాం. తెలుగు పేజీ జారితే సైన్సు, సోషల్ కూడా దాని వెంటే జారతాయి.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ తర్వాత పరిస్థితి మారింది. చేరికలు పెరిగాయి, ఆడపిల్లలు కాలేజీల దాకా వెళ్తున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. ఇప్పటి సమస్య చేరడం కాదు, నిలబడటం.

ఏడో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాం. పేరు రాయడం లేదు. మిర్చి కాలంలో తల్లితో పాటు కాయల తొడిమలు తీయడానికి వెళ్లింది. అంతకుముందు వేసవుల్లోనూ వెళ్లింది, జూన్‌లో తిరిగి వచ్చింది. ఆ ఏడాది రాలేదు. కూలి డబ్బుకు అలవాటు పడి తల్లే మాన్పించిందని అనుకుని, నాలుగు మాటలు గట్టిగానే అనాలని మేం వాళ్లింటికి వెళ్లాం. ఆమె చాప పరిచి, చాయ్ ఇచ్చి, అప్పుడు చెప్పింది: “నేను ఎందుకు ఆపుతాను మేడం? అదే వెళ్లనంటోంది. అన్నీ మర్చిపోయిందంట. క్లాసులో లేపి చదవమంటే ఎట్లా అని భయం.” అమ్మాయి తలుపు వెనక నిలబడి ఉంది. తెచ్చుకున్న మాటలన్నీ మా గొంతులోనే ఉండిపోయాయి. ఆ ఏడాది ఆమెను మళ్లీ బడిలో కూర్చోబెట్టలేకపోయాం. ఇప్పుడు చెల్లెలిని మా వేసవి తరగతికి దింపేది ఆ అమ్మాయే, పనికి వెళ్తూ వెళ్తూ.

ఆ సంఘటన తర్వాతే మేం వేసవి తరగతులు మొదలుపెట్టాం. మొదటి ఏడాది అది సరిగా నడవలేదని ఒప్పుకోవాలి. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, బడి లాగే, బోర్డు, చాక్‌పీసు, ఎక్కాలు. పది రోజులకు సగం గది ఖాళీ. మే ఎండలు సరేసరి. మాతో పనిచేసిన డిగ్రీ విద్యార్థిని ఒకరోజు, “పిల్లలకు సెలవులు మేడం, ఆ సంగతి మనకే గుర్తులేదు” అంది. ముప్పై ఏళ్ల సర్వీసు మీద అంత సూటి వ్యాఖ్య మాకు ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ రాలేదు.

మరుసటి ఏడాది ఫజర్ తర్వాతి మక్తబ్‌ను ఆధారం చేసుకున్నాం. పిల్లలు అప్పటికే మసీదులో ఉంటారు. ఇమామ్ సాహెబ్ పాఠం ముగించగానే పై హాల్లో ఆరున్నరకు మా తరగతి మొదలవుతుంది, ఎండ ముదరకముందే తొమ్మిదిన్నరకు అయిపోతుంది. ఏ తరగతి పిల్లవాడు అని అడగం. అక్షరాలు గుర్తుపడుతున్నాడా, మాటలు చదువుతున్నాడా, చిన్న పేరా చదువుతున్నాడా, కథ చదువుతున్నాడా అని మాత్రమే చూస్తాం. ‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేల్లో వాడుతున్న పద్ధతి ఇది. పిల్లవాడికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. దాన్ని బట్టే గుంపులు. ఐదో తరగతి పిల్లవాడు మూడో తరగతి పిల్లవాడితో కూర్చోవాల్సి వస్తే మొదటిరోజు మొహం మాడ్చుకుంటాడు, మూడో రోజుకు మర్చిపోతాడు.

కథ ముందు ఉర్దూలో చెబుతాం, తర్వాత అదే కథ తెలుగులో. వారానికొకసారి ఆ పేట పెద్దమనిషి ఎవరో ఒకరు వస్తారు. దర్జీ టేపు పట్టుకుని అంగుళాలు, సెంటీమీటర్లు చూపిస్తాడు. మెకానిక్ తన పానాల మీది నంబర్లు చదివిస్తాడు. కిరాణా కొట్టు భాయ్ ఖాతా పుస్తకం తెచ్చి బాకీలు కూడిస్తాడు (పేర్ల మీద కాగితం అంటించి!). తన తండ్రి పాఠం చెబుతుంటే చూసే పిల్లవాడి మొహం దాతలందరూ ఒక్కసారి వచ్చి చూడాలి. పెద్ద అబ్బాయిలకు మగ్రిబ్ తర్వాత. పదో తరగతి తప్పినవారికి వేరే గుంపు, ఎందుకంటే వాళ్లకు వేసవి సెలవు కాదు. ఏప్రిల్ చివర ఫలితాలు వస్తే, సప్లిమెంటరీ పరీక్షకు ఉండేది సుమారు నెల. ఆ నెలలో లెక్కలు ఒక్కటి గట్టెక్కిస్తే ఏడాది నిలుస్తుంది.

ఇది మేం కనిపెట్టిన పని కాదు. 2008 జూన్‌లో బిహార్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులతోనే, వాళ్ల బడుల్లోనే, వెనకబడిన మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు నెల రోజుల శిబిరాలు నడిపారు. చదవడంలో స్పష్టమైన మెరుగు కనిపించింది. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం దాన్ని పరిశీలించింది. బడి నడిచే నెలల్లో ఉపాధ్యాయులకు అదే శిక్షణ, అవే పుస్తకాలు ఇచ్చి వదిలేస్తే మాత్రం ఆ ఫలితం రాలేదు. సిలబస్ పూర్తిచేసే తొందర లేని నెల కావాలి. ఆ నెల వేసవిలోనే దొరుకుతుంది.

అంతకంటే దగ్గరి ఉదాహరణ మన రంగారెడ్డి జిల్లాది. శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పనిలో ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, చదువు అందించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, వాళ్లు తల్లిదండ్రులకు పోయిన కూలి కట్టివ్వలేదు. ఇంటింటికీ తిరిగి, యజమానులతో మాట్లాడి ఒప్పించారు. “కూలి డబ్బు మనమే ఇచ్చేద్దాం” అని మన సభ్యుల్లో కొందరు సదుద్దేశంతో అంటున్నారు. మేం ఆ దారి వద్దంటున్నాం. పిల్లవాడి కూలికి మనమే ధర కట్టినట్టవుతుంది.

యజమానుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మన దాతల్లో గ్యారేజీలు, ఫర్నిచర్ షాపులు, చికెన్ సెంటర్లు ఉన్నవారు ఉన్నారు. వేసవికి చేరిన పన్నెండేళ్ల అబ్బాయి మీ షాపులోనూ ఉండవచ్చు. తల్లి బతిమాలితే కాదనలేక పెట్టుకుని ఉంటారు, తెలుసు. కానీ 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బయటి పనిలో పెట్టుకోవడం పూర్తిగా నిషేధం. ఆ అబ్బాయిని ఉదయం మా దగ్గరికి పంపి, పని ఆ తల్లికో అన్నకో ఇవ్వగలిగితే, అది చెక్కు కంటే పెద్ద విరాళం.

బద్ర్ యుద్ధ ఖైదీల సంగతి మనందరం బయానుల్లో విన్నదే. విడుదల సొమ్ము చెల్లించలేనివారిలో రాయడం వచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి రాయడం నేర్పితే చాలునని దైవప్రవక్త (స) అంగీకరించారని సీరా గ్రంథాలు చెబుతాయి. ఆ రోజుల్లో మదీనాకు సొమ్ము అవసరం లేక కాదు. సొమ్ముకు బదులు గంటలు తీసుకున్నారు. మేం కూడా మిమ్మల్ని ముందుగా గంటలే అడుగుతున్నాం. రిటైరైన బ్యాంకు ఉద్యోగి వారానికి రెండు ఉదయాలు, ఇంజనీరింగ్ చదివే మీ అమ్మాయి సెలవుల్లో ఇరవై రోజులు.

సొమ్ము విషయంలో చాలామంది అడుగుతున్న ప్రశ్నకు జవాబు. జకాత్ అర్హుల చేతికే చేరాలి గనుక, దాన్ని అర్హులైన పిల్లల ఫీజులకు, వారి సొంత అవసరాలకు మాత్రమే వాడుతున్నాం. వలంటీర్ల గౌరవ వేతనం, గుడ్డు, చిక్కీ, మంచినీళ్లు, కరెంటు బిల్లు అన్నీ సదఖా, ఇతర విరాళాల నుంచే. అందుకే మీరు ఇచ్చేది ఏ పద్దు కిందో రసీదు మీద రాయించండి. రూపాయల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018, 2019లో అది మే, జూన్‌లలోనే వచ్చింది, వసూళ్లు పూర్తయ్యేసరికి బడులు తెరిచారు. 2026లో అది ఫిబ్రవరి, మార్చిలలో. ఈదుల్ ఫిత్ర్ అయ్యాక వేసవి తరగతులకు నెల గడువు చిక్కుతుంది. ఈ వీలు మరికొన్నేళ్లు ఉంటుంది.

ఏప్రిల్ 23న చివరి గంట కొట్టేలోపు మాకు నాలుగు, ఐదు, ఏడు తరగతుల పిల్లల జాబితా సిద్ధం కావాలి. బడుల ప్రధానోపాధ్యాయులతో మేం మాట్లాడుకుంటాం. ఆడపిల్లల గుంపుకు పొన్నూరు రోడ్డు వైపు నీడగా ఉండే ఒక ఇంటి వరండా కావాలి. చదవడం నిదానంగా వచ్చే పిల్లల దగ్గర విసుక్కోకుండా కూర్చోగలిగే ఆరుగురు కావాలి. మసీదు పై హాలు తాళం ముతవల్లి గారు ఇస్తామన్నారు. అక్కడున్న మూడు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు.