కారు ఇంజనుకు తగిన ఆయిలు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవారి సామెత. ఆముదములో గడ్డి మసి కలిపి ఇరుసునకు కందెన పూసిన దినములలో, బండి కిర్రుమనగనే తోలువాడు దిగి చూచెడివాడు. ఎడ్లబండి తన బాధను తానే చెప్పుకొనెడిది. కారు ఇంజను అట్లు చెప్పుకొనదు. తగని ఆయిలు పోసినను అది నెలల తరబడి చక్కగనే నడచుచున్నట్లు కనబడును. లోపల అరుగుదల మాత్రము మొదలై ఉండును. శబ్దము మన చెవిని పడునప్పటికి మరమ్మతు ఖర్చు ఒక మధ్యతరగతి కుటుంబమునకు మోయరాని భారము కావచ్చును.

అయినను ఆయిలు కొనుటలో మనము చూపు శ్రద్ధ స్వల్పము. అంగడివాడు ఇచ్చినది తెచ్చుట, చిక్కగ ఉన్నదే మంచిదనుట, ధర ఎక్కువైనది మేలని నమ్ముట, ఇవియే పరిపాటి. మేము ఇచ్చట చెప్పదలచిన మాట ఒక్కటే. ఏ ఆయిలు తగునో నిర్ణయించునది ఆ ఇంజను నిర్మాణము. ఆ నిర్ణయము కారుతోపాటు ఇచ్చిన పుస్తకములో అచ్చయి ఉన్నది. దానిని చదువుకొనుటకు కావలసిన నాలుగు సంగతులను వివరింతుము.

మొదట ఆయిలు చేయు పనిని చూతము. ఇంజను నడుచునపుడు పిస్టనులు సిలిండరులలో పైకిని క్రిందికిని కదలుచుండును. క్రాంకుషాఫ్టు తన బేరింగులలో నిమిషమునకు వేలకొలది పర్యాయములు తిరుగుచుండును. ఈ లోహభాగములు ఒకదానినొకటి ఒరసికొనకుండ, వాని నడుమ పలుచని పొరవలె నిలుచుట ఆయిలు యొక్క ప్రధాన ధర్మము. అంతియేగాక అది వేడిని తీసికొనిపోవును, మసిని అడుగున పేరుకొననీయక తనలో నిలుపుకొనును, తుప్పును అడ్డగించును. ఇన్ని పనులు వట్టి నూనెవలన కావు. కావున మూలతైలములో మసిని విడదీయునవి, అరుగుదలను తగ్గించునవి, వేడికి చిక్కదనము మిక్కిలి పడిపోకుండ కాపాడునవి అగు రసాయనములను కలుపుదురు.

ఇక డబ్బా మీది అంకెల విషయము. 5డబ్ల్యూ-30 అని గాని, 15డబ్ల్యూ-40 అని గాని వ్రాసి ఉండుట మీరు చూచియుందురు. ఇది ఎస్.ఏ.ఇ. అను అమెరికా ఇంజనీర్ల సంఘము ఏర్పరచిన చిక్కదనపు లెక్క. 1911లో మొదలైన ఈ లెక్క పలుమార్లు సవరింపబడి నేటికిని వాడుకలో ఉన్నది. డబ్ల్యూ అను అక్షరము శీతకాలమునకు గుర్తు. దానికి ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగ కదలునో తెలుపును. అంకె చిన్నదైన కొలది చలిలో ఆయిలు గట్టిపడుట తక్కువ. వెనుకనున్న అంకె ఇంజను కాగిన పిదప, అనగా 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, నిలిచియుండు చిక్కదనమును తెలుపును. ఆ అంకె పెద్దదైన కొలది వేడిలో ఆయిలు అంత చిక్కన.

ఇచ్చట సామాన్యముగ వినవచ్చు వాదమొకటి కలదు. “మనది ఎండల దేశము. రెంటచింతలలోను, రామగుండములోను వేసవిలో 45 డిగ్రీలు దాటును. పలుచని ఆయిలు చలిదేశములవారికే గాని మనకు పనికిరాదు” అని పలువురందురు. వినుటకు ఈ మాట న్యాయముగనే తోచును. కాని ఇంజను లోపలి వేడిమికిని బయటి ఎండకును అంతటి సంబంధము లేదు. ఇంజనులోని నీటి వేడిని ధెర్మోస్టాటు అను సాధనము ఇంచుమించు 90 డిగ్రీల దగ్గర అదుపులో ఉంచును. అందుచేత కాగిన ఇంజనులో ఆయిలు సాధారణముగ 90 నుండి 110 డిగ్రీల నడుమ పనిచేయును. బయట పుష్యమాసపు చలి ఉన్నను, రోహిణికార్తె ఎండ ఉన్నను ఇందులో భేదము కొద్దిపాటిది.

ఇంకొక లెక్క చూడుడు. 5డబ్ల్యూ-30 ఆయిలు 40 డిగ్రీల వద్ద ఉండు చిక్కదనము 100 డిగ్రీల వద్ద ఉండుదానికి సుమారు 6 రెట్లు. అనగా నడివేసవిలో సహితము, నిలిపియున్న కారును కదలించునపుడు, ఆయిలు కావలసినదానికంటె ఎన్నోరెట్లు చిక్కగ ఉండును. అది అడుగునున్న తొట్టినుండి పైభాగములకు శీఘ్రముగ చేరవలెను. చేరువరకు ఆ భాగములు పాత పొరమీదనే ఆధారపడవలసియుండును. కావున మన ఎండలలోను అవసరమునకు మించిన చిక్కదనము ఇంజనుకు మేలు చేయదు.

మరి చిక్కని ఆయిలే శ్రేష్ఠమను నమ్మకము ఎట్లు పుట్టినది? దానికి తగిన కారణము లేకపోలేదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు వంటి పాత నమూనాల ఇంజనులలో భాగముల నడుమ సందులు హెచ్చు. వానికి 20డబ్ల్యూ-40 వంటి ఆయిలు తగియుండెను. నేటి ఇంజనులలో సందులు సన్నగిల్లినవి. వాల్వులు తెరచుకొను సమయమును మార్చు యంత్రములు కొన్నింటిలో ఆయిలు ఒత్తిడితోనే పనిచేయును. టర్బో ఉన్న ఇంజనులలో ఆ చక్రము నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. ఇట్టి వానిలో కొన్నింటికి 5డబ్ల్యూ-30, మరికొన్నింటికి 0డబ్ల్యూ-20, ఇంకను పలుచనైన 0డబ్ల్యూ-16 కూడ విధింతురు. పాత అనుభవముతో వీనిలో చిక్కని ఆయిలు పోసినచో పెట్రోలు ఖర్చు హెచ్చును. సన్నని మార్గములకు ఆయిలు ఆలస్యముగ చేరును. అట్లే పాత ఇంజనులో మిక్కిలి పలుచని ఆయిలు పోయుటయు తగదు. పుస్తకములో ఒకటికంటె ఎక్కువ రకములను అనుమతించిన పట్టిక ఉన్నచో, అందులోనుండి మాత్రమే మన వాతావరణమునకు తగినదానిని ఏరుకొనవచ్చును.

చిక్కదనము సరిపోయినంత మాత్రమున పని ముగియలేదు. నాణ్యతను తెలుపు అక్షరములను కూడ చూడవలెను. అమెరికా పెట్రోలియం సంస్థ యగు ఎ.పి.ఐ. పెట్రోలు ఇంజనుల ఆయిలుకు ఎస్ అను అక్షరముతో మొదలగు తరగతులను ఏర్పరచినది. ఎస్‌ఎన్ 2010లోను, ఎస్‌పి 2020లోను, ఎస్‌క్యూ 2025లోను వచ్చినవి. సాధారణముగ వెనుక వచ్చిన తరగతి ముందరిదానికి బదులుగ చెల్లును. పుస్తకము ఎస్‌ఎన్ అని చెప్పినచో ఎస్‌పి పోయవచ్చును. ఎస్‌పి అని చెప్పినచో ఎస్‌ఎన్ పోయరాదు.

డీజిలు కారు గలవారు మరింత జాగరూకులై ఉండవలెను. మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 నియమములు అమలులోనికి వచ్చినవి. ఆ నియమముల ననుసరించు డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు ఫిల్టరు ఉండును. పట్టిన మసిని అది అప్పుడప్పుడు కాల్చివేయును. కాని ఆయిలులోని కొన్ని రసాయనములు కాలినపుడు మిగులు బూడిద మరల కాలదు, ఫిల్టరులోనే నిలిచిపోవును. కావున ఇట్టి కార్లకు తక్కువ బూడిదనిచ్చు ఆయిలునే విధింతురు. ఐరోపా సంస్థ యగు ఏ.సి.ఇ.ఏ. వారి సి2, సి3 వంటి గుర్తులు ఇట్టివే. చవకయని వేరొకటి పోసినచో ఖరీదైన ఫిల్టరు కాలమునకు ముందే పూడిపోవచ్చును.

సింథటిక్ ఆయిలు మంచిదా, మినరల్ ఆయిలు మంచిదా అని అనేకులు అడుగుదురు. సింథటిక్ వేడికి తాళుటలోను, చలిలో పారుటలోను మిన్న. పలుచని రకములు ఎక్కువగ సింథటిక్‌గనే లభించును. అయినను కారు పుస్తకము మినరల్ ఆయిలును అనుమతించి, దాని అంకెయు అక్షరములును సరిపోయినచో, అదనపు ధర చెల్లించి తీరవలెనను నిర్బంధము లేదు. సింథటిక్ పోసితిమి గదా అని మార్చవలసిన గడువును మనంతట మనమే పొడిగించుట మాత్రము పొరపాటు.

ఆ గడువు అనేక కార్లకు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఈ రెండింటిలో ఏది ముందు వచ్చిన అది. “మా కారు ఏడాదిలో 3,000 కిలోమీటర్లయిన తిరుగలేదు, మార్చుట ఎందులకు?” అనుట సరికాదు. ఇంటినుండి అంగడికి, అంగడినుండి ఇంటికి మాత్రమే తిరుగు కారులో ఇంజను బాగుగ కాగదు. లోపల చేరిన నీటిచెమ్మయు, కాలని పెట్రోలును ఆవిరిగాక ఆయిలులోనే మిగులును. హైదరాబాదు, విజయవాడ వీధులలో ఆగి ఆగి నడచు కారునకును, దుమ్ముబాటల కారునకును గడువును తగ్గించుమని అనేక పుస్తకములు చెప్పుచున్నవి. ఆయిలు మార్చినపుడు దాని ఫిల్టరును కూడ మార్చవలెను.

నెలకొకమారు ఆయిలు మట్టమును చూచుకొనుట ఇంటిలో ఎవరైనను చేయగల పని. కారును సమమైన నేలపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు డిప్‌స్టిక్కును తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడవలెను. తడి రెండు గుర్తుల నడుమ ఉండవలెను. తగ్గినచో అదే అంకె, అదే తరగతి గల ఆయిలును కొద్దికొద్దిగ పోయవలెను. పై గుర్తు దాటినచో క్రాంకుషాఫ్టు చిలుకుటచే ఆయిలు నురుగు పట్టును. ఆయిలు నల్లబడుట చూచి భయపడనక్కరలేదు. అది మసిని పట్టి ఉంచుచున్నదనుటకు అది గుర్తు. పాలు కలిపినట్లు తెల్లబారినచో మాత్రము నీరు చేరినదేమో అని వెంటనే మెకానిక్కునకు చూపవలెను. నడుచుచుండగ ఆయిలుడబ్బా బొమ్మగల ఎఱ్ఱదీపము వెలిగినచో, ఇల్లు పది అడుగుల దూరముననే ఉన్నను, కారును ప్రక్కకు తీసి ఇంజను ఆపివేయవలెను. ఆ దీపము ఒత్తిడి పడిపోయినదను హెచ్చరిక. ఒత్తిడి లేక నడచిన కొద్ది నిమిషములే ఇంజనును పాడుచేయగలవు.

కొనునపుడు సీలు చెడని డబ్బానే తీసికొని రసీదు అడుగుడు. ఖాళీ డబ్బాలో నకిలీ ఆయిలు నింపి అమ్మువారు లేకపోలేదు గనుక దానికి రంధ్రము చేసి పారవేయుట మంచిది. కారునకు మిగిలిన ఆయిలును మోటారుసైకిలులో పోయరాదు. అనేక మోటారుసైకిళ్లలో క్లచ్చి ఆ ఆయిలులోనే మునిగి ఉండును గనుక జారిపోవు ప్రమాదము కలదు. తీసిన పాత ఆయిలును కాలువలో పోయక, సేకరించి పంపు వర్కుషాపునకు అప్పగింపుడు. అది నేలను, నీటిని చెరచును.

రేపు సర్వీసుకు వెళ్లునపుడు కారు అరలోని పుస్తకమును తీసి, ఆయిలు పుటలోని అంకెను, అక్షరములను ఒక చీటిపై వ్రాసికొని పొండు. మెకానిక్కు పోయబోవు డబ్బా మీది వ్రాతను ఆ చీటితో సరిచూచుకొనుడు. రెండును ఒకటియైనచో నిశ్చింతగ ఉండవచ్చును.