చదువరి చేజారిన కలము

ఇంటర్నెట్టున ఒక పుటను చూడగోరినప్పుడు మనము తెరచు ద్వారమునకు బ్రౌజరు అని పేరు. నేడు ప్రతి సెల్‌ఫోనులోను అది కలదు. దాని గుండ లోకమంతయు కనబడుచున్నది. కాని మొదటి బ్రౌజరు చదువరి చేతికి గ్రంథముతో పాటు కలమును గూడ ఇచ్చినదని ఎరిగినవారు కొలదిమందియే. ఆ కలము దారిలో ఎట్లు జారిపోయెనో తెలిసికొనదగిన విషయము.

జెనీవా నగర సమీపమున, స్విట్జర్లాండు ఫ్రాన్సు దేశముల సరిహద్దున, సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ కలదు. నానాదేశముల శాస్త్రజ్ఞులు అచ్చట కొంతకాలము పనిచేసి మరలిపోవుచుందురు. ఒకరి పత్రములు ఒక రకపు కంప్యూటరులో, వేరొకరివి మరియొక రకపు దానిలో ఉండెడివి. మనిషి వెళ్ళినచో అతని యెరుకయు అతనితోనే పోయెడిది. ఈ లోపమును తీర్చుటకై టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో ఒక ప్రతిపాదనను వ్రాసి పైవారికి సమర్పించెను. 1990లో నెక్స్ట్ అను కొత్త రకపు కంప్యూటరు అతనికి లభించెను. ఆ యేటి క్రిస్మస్ నాటికి పత్రములను పంపు సర్వరును, వానిని చూపు బ్రౌజరును దానిపై నడువసాగెను. బ్రౌజరునకు అతడు పెట్టిన పేరు వరల్డ్‌వైడ్‌వెబ్.

అందు ముడివేసిన మాటను నొక్కినచో వేరొక పత్రము తెరచుకొనును. ఇంతవరకు నేటి బ్రౌజరు వంటిదే. విశేషమేమనగా, పత్రము తనదైనచో దానిని ఆ కిటికీలోనే దిద్దవచ్చును, కొత్తది వ్రాయవచ్చును, ఒక పత్రమును మరియొక పత్రముతో ముడివేయవచ్చును. ఇందులకు గుర్తుల భాషను నేర్వనక్కరలేదు.

అయితే నెక్స్ట్ యంత్రములు అరుదైనవి. తన సాధనము అందరికి అందవలెనని బెర్నర్స్-లీ కోరిక. నికోలా పెల్లో అను గణిత విద్యార్థిని ఎట్టి కంప్యూటరుపైనను నడువగల సామాన్యమైన బ్రౌజరును రచించెను. అందు అక్షరములే గాని బొమ్మలు లేవు. ప్రతి ముడికి ఒక అంకె, ఆ అంకెను కొట్టిన ఆ పత్రము వచ్చును. వ్రాయు వసతి అందు లేదు. 1991 ఆగస్టులో ఈ కృషి ఇంటర్నెట్టున బహిరంగముగా ప్రకటితమయ్యెను. 1992లో ఫిన్లాండు విద్యార్థులు నలుగురు ఎర్వైజ్‌ను, అమెరికాలో పెయ్-యువాన్ వెయ్ వయోలాను వెలువరించిరి. అవియు చదువుటకే.

1993 జనవరిలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటింగ్ కేంద్రమునుండి మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనువారు మొజాయిక్ తొలిరూపమును విడుదల చేసిరి. అక్షరముల నడుమనే బొమ్మలు అందు కనబడెను. ఆ యేటి చివరకు విండోస్, మాకింటాష్ యంత్రములకును అది వచ్చెను. ఆ నడుమ, ఏప్రిల్ 30న, సెర్న్ తన వెబ్ ప్రోగ్రాములపై హక్కులను విడిచి లోకమునకు ధారపోసెను. జనము వెల్లువగా వచ్చిరి. కాని వారు చదువరులుగనే వచ్చిరి.

ఇందెవరిని నిందింప పనిలేదు. పలు రకముల యంత్రములపై పత్రమును చూపుటకన్న దిద్దించుట మిక్కిలి కష్టము. ముందు చూపింతము, పిదప తీరికగా వ్రాయింతమనుకొనుట సహజమే. కాని అలవాటు తీరికకై వేచియుండదు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ నెలకొల్పిన వికీ ఆ కలమును కొంతవరకు మరల ఇచ్చెను. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మనవారు చదివినచోటనే దిద్దుచున్నారు. అయినను నేటి వ్రాతలో పెద్దపాలు ఏదో ఒక సంస్థ కట్టిన అరుగుపై, దాని షరతులకు లోబడి సాగుచున్నది. అరుగు యజమాని పొమ్మన్ననాడు వ్రాత గతి యేమి?

2019లో సెర్న్‌లో కొందరు ఆ తొలి బ్రౌజరును నేటి బ్రౌజరులో నడుచునట్లు పునర్నిర్మించిరి. కంప్యూటరు విద్య నేర్పు ఉపాధ్యాయులు దానిని ఒక్కసారియైన పిల్లలకు చూపింతురు గాక! చదువరియు రచయితయు ఒకే కిటికీలో కూర్చుండవచ్చునని వారికి తెలియును.