వెనుక నుంచి వచ్చే దెబ్బ – ఇంట కట్టిన కారు

ఎదుట నుంచి వచ్చే ఆపదను మానవుడు కొంతవరకైనా చూడగలడు. చూసి తప్పుకొనగలడు, తప్పుకొనలేకపోయినా చేతులు అడ్డం పెట్టుకొనగలడు. వెనుక నుంచి వచ్చే ఆపదకు ఆ అవకాశం లేదు. ఎర్రదీపం ముందు ఆగి పచ్చదీపం కోసం ఎదురుచూస్తున్న వాహనాన్ని మరొక వాహనం వెనుక నుంచి ఢీకొన్నప్పుడు, ముందున్నవాడు చేసిన నేరమేమీ లేదు. అతడు నియమాన్ని పాటించాడు, అంతే. ఢీకొన్నవాడు ఆగకుండా వెళ్ళిపోతే ఆ అన్యాయం రెట్టింపవుతుంది. ఈ రెండు కష్టాలూ ఒక ప్రత్యేకమైన వాహనానికి, అనగా యజమాని తన చేతులతో తన షెడ్డులో నిర్మించుకొన్న స్పోర్ట్స్ కారుకు సంభవించినప్పుడు ఏమి జరుగుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. మన రోడ్లపై అటువంటి కార్లు కానరావు గనుక ఈ ప్రసంగం మనకెందుకని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. లారీకి ముందు స్కూటరు నిలిపి, పచ్చదీపం కోసం వేచి ఉండే ప్రతివారికీ ఇందులోని లెక్క వర్తిస్తుందని మాత్రం ముందుగా మనవి చేస్తున్నాను.

ఇంట కారు కట్టుకొనే అలవాటుకు పుట్టినిల్లు కాకపోయినా, అది బాగా వేళ్ళూనిన దేశం ఇంగ్లండు. అక్కడ కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న కారును ప్రవేశపెట్టాడు. రెండే సీట్లు, పైకప్పు పేరుకు ఒక గుడ్డ. తయారైన కారును కొంటే ఆనాటి పర్చేజ్ టాక్సు చెల్లించవలసి ఉండేది. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను లేదు. అందుచేత అనేకులు భాగాలను పెట్టెలలో తెచ్చుకొని ఇంటివద్ద బిగించుకొనేవారు. 1973లో ఆ పన్ను రద్దయి దాని స్థానంలో వేరొక పన్ను రాగా ఈ లాభం పోయింది. అదే సంవత్సరం ఆ కారు నిర్మాణ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించాయి. లాభం పోయినా అలవాటు పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్ల ఖర్చుతో స్పోర్ట్స్ కారు నిర్మించుకొనే విధానాన్ని పుస్తకరూపంలో వెలువరించాడు. పాత ఫోర్డు ఎస్కార్టు కారు నుంచి ఇంజను, ఇరుసు, గేరుపెట్టె ఊడదీసుకోవాలి. చదరపు ఉక్కు గొట్టాలను కోసి వెల్డింగు చేసి పంజరం వంటి చట్రం కట్టాలి. దానిపై అల్యూమినియం రేకులు తొడగాలి. చెప్పడానికి మూడు వాక్యాలు. కట్టేవారికి ఎన్నో సాయంత్రాలు, ఎన్నో ఆదివారాలు పడుతుంది.

ఇట్లా తయారైన కారు బరువు సుమారు 500 కిలోగ్రాములు. సాధారణమైన కారు 1,500 కిలోగ్రాములు తూగుతుంది. ఈ తేడాలోనే కారు అందమూ ఉంది, ప్రమాదమూ ఉంది.

భౌతికశాస్త్ర విద్యార్థులు ద్రవ్యవేగ నిత్యత్వ నియమాన్ని ప్రయోగశాలలో రెండు ట్రాలీలతో నిరూపించి ఉంటారు. ఆ ట్రాలీల స్థానంలో ఈ రెండు కార్లను ఊహించండి. 500 కిలోల కారు ఆగి ఉన్నది. 1,500 కిలోల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలి, రెండూ కలిసి కదిలాయి. 1,500ను 40తో గుణించి, మొత్తం బరువైన 2,000తో భాగిస్తే 30 వస్తుంది. అనగా పెద్ద కారు వేగం 40 నుంచి 30కి తగ్గింది. అందులోని వ్యక్తి అనుభవించిన మార్పు 10 మాత్రమే. చిన్న కారులోని వ్యక్తి కనురెప్పపాటులో సున్న నుంచి 30కి విసరివేయబడ్డాడు. తప్పు చేసినవానికి ఒక వంతు, చేయనివానికి మూడు వంతులు! వాస్తవంలో బండ్లు కొంచెం వెనుకకు ఎగసిపడతాయి గనుక చిన్నదానికి తగిలే దెబ్బ ఇంకొంచెం ఎక్కువే. పెద్ద కారు స్థానంలో 10,000 కిలోల లారీ ఉంటే చిన్న కారు 38 కిలోమీటర్ల వేగాన్ని పొందుతుంది. స్కూటరు విషయంలో ఆ సంఖ్య ఎంతవుతుందో మీరే లెక్కించుకోండి.

ఢీకొన్నవాడు ఆగకుండా పోవడానికి గల కారణాలలో ఒకటి ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. అతనికి పెద్దగా ఏమీ తగలలేదు. బంపరు సొట్టపోయింది, ఒక దీపం పగిలింది. తనకు తగిలిన దెబ్బను బట్టే ఎదుటివాని దెబ్బను ఊహించుకోవడం మానవ స్వభావం. ఇక మద్యం సేవించినవాడు, లైసెన్సు లేనివాడు, బీమా లేనివాడు పారిపోవడానికి వేరే కారణం వెదకనక్కరలేదు.

దెబ్బ మొదట తగిలేది మెడకు. సీటు వీపును ముందుకు తోస్తుంది. తల మాత్రం జడత్వం చేత ఉన్నచోటనే ఉండజూస్తుంది. సుమారు సెకనులో పదోవంతు కాలంలో మెడ మెలికపడి, తరువాత తల వెనుకకు వాలుతుంది. కొరడా ఝళిపించినట్లుండే ఈ కదలిక వలన కలిగే గాయాన్ని విప్‌లాష్ అంటారు. ఎముక విరగకపోవచ్చు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. బాధ మాత్రం నెలల తరబడి వదలదు. దీనికి విరుగుడుగా తల వెనుక దిండు వంటి ఆధారాన్ని అమెరికాలో 1969 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. పాత సెవెన్ కార్లలో వీపుకు ఒక మెత్త మాత్రమే ఉండేది, తలకు ఏమీ లేదు. కారు బోర్లాపడితే కాపాడడానికని ఇంటి నిర్మాతలు తల వెనుక ఉక్కుకమ్మీ ఒకటి అమర్చుకొంటారు. వెనుక నుంచి దెబ్బ తగిలినప్పుడు తల వెళ్ళి ఆ కమ్మీకే కొట్టుకొనవచ్చు. రక్షణకై పెట్టినది శిక్షగా మారుతుందన్నమాట. అందుకే అనుభవజ్ఞులు ఆ కమ్మీకి గట్టి నురుగు తొడుగు వేస్తారు. సీటును ఎత్తుగా, తలకు ఆనేటట్లు కడతారు.

రెండవది పెట్రోలు ట్యాంకు. సెవెన్ జాతి కార్లలో అది వెనుక ఇరుసుకు కూడా వెనుకనే ఉంటుంది. దాని వెనుక ఉండేది ఒక రేకు, తరచు దానికి తగిలించిన అదనపు చక్రం. పెద్ద కంపెనీల కార్లలో వెనుకభాగం మెల్లగా నలుగుతూ దెబ్బలోని శక్తిని హరిస్తుంది. ఇక్కడ నలగడానికి చోటే లేదు. ఈ అమరికలోని ముప్పు పెద్ద కంపెనీకి సైతం తప్పలేదు. అమెరికాలో ఫోర్డు సంస్థవారి పింటో కారులో ట్యాంకు ఇరుసుకూ వెనుక బంపరుకూ మధ్య ఉండేది. 1972లో కాలిఫోర్నియా రహదారిపై ఆగిపోయిన ఒక పింటోను వెనుక నుంచి మరొక కారు ఢీకొనగా మంటలు లేచి, నడుపుతున్న మహిళ మరణించింది. పక్కనున్న 13 ఏళ్ళ బాలుడు తీవ్రంగా కాలిపోయాడు. 1978లో జ్యూరీ శిక్షారూపమైన నష్టపరిహారంగా 12.5 కోట్ల డాలర్లు విధించింది. న్యాయమూర్తి దానిని 35 లక్షలకు తగ్గించాడు. అదే ఏడు దాదాపు 15 లక్షల కార్లను సంస్థ వెనుకకు పిలిపించి, ట్యాంకుకు ముందుభాగంలో ప్లాస్టిక్ కవచం అమర్చి, పెట్రోలు పోసే గొట్టాన్ని పొడిగించింది. అంతటి ప్రళయానికి విరుగుడు ఒక ప్లాస్టిక్ పలక! ఇంటి నిర్మాతకూ అది సాధ్యమే. ఇరుసుపై పొడుచుకొని వచ్చే బోల్టులకూ ట్యాంకుకూ మధ్య అటువంటి పలకను బిగించడం, వీలైతే పందెపు కార్లలో వాడే నురుగు నింపిన ట్యాంకును పెట్టడం వివేకం.

బ్రిటన్‌లో ఇటువంటి కారు రోడ్డెక్కాలంటే ప్రభుత్వ తనిఖీ తప్పదు. 1998లో ప్రారంభమైన విధానాన్ని 2009లో మరింత కట్టుదిట్టం చేశారు. బ్రేకులు, దీపాలు, బెల్టులు, పదునైన అంచులు అన్నీ చూస్తారు. ఢీకొట్టి మాత్రం చూడరు. ఉన్నది ఒక్కటే కారు గదా! కంపెనీ కారు విషయంలో ముందే జరిగిపోయిన ఆ పరీక్ష, ఇంట కట్టిన కారు విషయంలో మొదటిసారి నడిరోడ్డు మీదనే జరుగుతుంది.

అసలు ఢీకొనకుండా ఉండాలంటే వెనుకవాడు చూడాలి. ఈ కారు ఎత్తు మీటరు కంటె కొంచెం ఎక్కువ. లారీ డ్రైవరు కన్ను రెండు మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. దగ్గరగా వచ్చినకొద్దీ చిన్న కారు బ్రేకుదీపాలు అతని బానెట్టు కిందికి మాయమవుతాయి. దీపాన్ని పైకెత్తితే ఏమవుతుంది? 1974లో జాన్ వోయెవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కోలో 343 టాక్సీలకు మూడవ బ్రేకుదీపం అమర్చి పది నెలలు పరిశీలించగా, వెనుక నుంచి ఢీకొనే ప్రమాదాలు 60.6 శాతం తగ్గాయి. ఆ స్ఫూర్తితో అమెరికాలో 1986 నమూనా కార్ల నుంచి మూడవ దీపం తప్పనిసరి అయింది. అందరికీ ఆ దీపం వచ్చిన తరువాత దాని కొత్తదనం పోయింది. 1998లో ప్రభుత్వ సంస్థ లెక్కించగా తగ్గుదల 4.3 శాతమని మాత్రమే తేలింది. అయితే అట్టడుగున కదిలే కారుకు ఎత్తయిన దీపం విలువ ఆ సగటు సంఖ్యతో కొలవదగినది కాదని నేను తలుస్తాను. తల వెనుక ఉన్న ఆ ఉక్కుకమ్మీయే దానికి తగిన చోటు.

ఇక పారిపోయినవాని సంగతి. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు రవాణా చట్టం 170వ విభాగం ప్రకారం ప్రమాదంలో పాల్గొన్న డ్రైవరు ఆగి పేరు, చిరునామా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే 24 గంటలలోగా పోలీసులకు తెలపాలి. ఆగకపోవడమే వేరొక నేరం. దొరకని డ్రైవర్ల బాధితులకు పరిహారమిచ్చే ఏర్పాటును బీమా సంస్థల ఉమ్మడి సంఘం 1969 నుంచి నిర్వహిస్తున్నది. అయితే మనిషికి గణనీయమైన గాయమేదీ లేక బండి మాత్రమే నుగ్గయితే, ఆ బండికి ఈ సంఘం సాధారణంగా ఏమీ ఇవ్వదు. సొంత బీమా ఉన్నా చిక్కు తీరదు. ఎన్నో ఆదివారాలు ధారపోసిన కారుకు బజారు ధర ఏమిటి? విడిభాగాల వెల కట్టగలరు గాని చేతిపనికి ఎవరు వెల కడతారు? అందువలన తెలిసినవారు ముందుగానే నిపుణుని చేత విలువ కట్టించి, ఆ మొత్తాన్ని బీమా పత్రంలో రాయించుకొంటారు.

మన దేశంలోనూ 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ విభాగం డ్రైవరుపై ఇంచుమించు ఇదే భారాన్ని మోపింది: గాయపడినవానికి వైద్యసహాయం అందించాలి, పోలీసులకు 24 గంటలలోగా తెలపాలి. జనం ఆగ్రహానికి గురయ్యే పరిస్థితి ఉంటే వైద్యసహాయం విషయంలో మినహాయింపు ఉన్నదని కూడా ఆ విభాగమే చెబుతుంది. బ్రిటిష్ చట్టంలో లేని ఈ మాట మన వీధుల స్వభావాన్ని ఎరిగినవారు రాసినది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ దొరకనప్పుడు మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్రగాయానికి 50,000 రూపాయలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన పథకం కింద లభిస్తాయి. అంతకు ముందు ఈ మొత్తాలు 25,000, 12,500 మాత్రమే. ఈ హక్కు ఉన్నదని తెలియని కుటుంబాలు ఎన్నో ఉండవచ్చు.

డ్రైవరు దొరికినా వాదం ముగియదు. “ముందు బండి బ్రేకుదీపం వెలగలేదు” అనేది అతని మొదటి మాట. ఇంట్లో వైరింగు చేసుకొన్న కారు విషయంలో ఆ మాట సులభంగా నమ్మదగినట్లు వినిపిస్తుంది. ఇక్కడ పగిలిన బల్బే సాక్ష్యం చెప్పగలదు. వెలుగుతున్న ఫిలమెంటు కాగి మెత్తబడి ఉంటుంది. దెబ్బ తగలగానే సాగి వంకర తిరుగుతుంది. ఆరి ఉన్న ఫిలమెంటు చల్లగా, పెళుసుగా ఉండి పుటుక్కున తెగుతుంది, లేదా అట్లే ఉంటుంది. గాజు పగిలినప్పుడు ఫిలమెంటు వేడిగా ఉంటే గాలి తగిలి దానిపై తెల్లని, పసుపుపచ్చని పొడి ఏర్పడుతుంది. కాబట్టి ప్రమాదం జరిగిన తరువాత స్విచ్చు వేసి దీపాలను పరీక్షించడం, పగిలిన బల్బును ఊడ్చి పారవేయడం తగదు. పారిపోయిన కారు రాల్చిన గాజుపెంకులు, రంగుపెళ్ళలు కూడా అట్లే కాపాడదగినవి. ఒకదానిపై ఒకటిగా వేసిన రంగుపొరల వరుస బట్టి ఆ బండిని పోల్చుకొనే వీలున్నది.

నేటి కొత్త కార్లలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. వాటిలో ఫిలమెంటు లేదు గనుక ఆ సాక్షి మాయమయ్యాడు. అందుచేత ఈనాటి ఇంటి నిర్మాతలు కొందరు ఉక్కుకమ్మీపై ఎర్రదీపం పక్కనే వెనుకకు చూసే చిన్న కెమెరాను కూడా బిగించుకొంటున్నారు.